అమ్మకు ఆవేశం పనికిరాదు

కళ్లద్దాల దుకాణం,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ

తమ్ముడూ,

అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. అనుకున్నదానికంటే బాగా జరిగింది. ఇప్పుడొచ్చిన చిక్కంతా అదే.

కట్టు విప్పాక మీ బావ స్వయంగా కొలతలు తీసి కొత్త అద్దాలు బిగించారు. అమ్మ వాటిని పెట్టుకుని నన్ను చాలాసేపు చూసి, "నువ్వింత పెద్దదానివి ఎప్పుడయ్యావే?" అంది. తర్వాత మీ బావను చూసి ఏమీ అనలేదు. ఆయన ఆ మౌనాన్ని ఇంకా మనసులోనే పెట్టుకున్నారు.

ఆ మర్నాటి నుంచి వెనక బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మా ఇంటి వెనక ఆటస్థలం ఉందని నీకు తెలుసు. ఇన్నాళ్లూ అమ్మకు అది పచ్చగా కనబడే ఏదో ఒకటి. ఇప్పుడు అందులో మనుషులు కనబడ్డారు. పక్క వీధి నర్సింగ్ కాలేజీ అమ్మాయిలు రోజూ సాయంత్రం అక్కడ ఫుట్‌బాల్ ఆడతారు. అమ్మ మొదట ఊరికే చూసేది. తర్వాత కుర్చీ ముందుకు జరిపింది. ఆ తర్వాత రెయిలింగ్ పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. మొన్న నేను వంటింట్లో ఉండగా ఒక కేక వినబడింది. చేతిలో గిన్నె జారిపోయింది. వీధిలో ఎవరో ఎవరినో కొడుతున్నారనుకుని పరిగెత్తాను. చూస్తే అమ్మ.

"ఎడం పక్కంతా ఖాళీగా ఉంది కదే, కళ్లు కనబట్టంలేదా!" అని అరుస్తోంది. కింద ఆట ఆగిపోయింది. అమ్మాయిలందరూ తలలెత్తి మా బాల్కనీ వైపు చూస్తున్నారు.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

అమ్మ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నేనా?" అంది.

కింది వాటాలో ఉండే రిటైర్డ్ జడ్జిగారు పైకొచ్చి, మీ ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగి వెళ్లారు. నిన్న కూడా వచ్చారు. ఇవాళ రాలేదు గానీ కిటికీలన్నీ మూయించారు.

నువ్వు మాటలతో బతికేవాడివి. దీన్ని ఏమంటారో, ఏం చెయ్యాలో రాయి.

అక్క

*

నిఘంటువు కార్యాలయం,
రెండో అంతస్తు

అక్కకు,

అమ్మ చూపు బాగుపడినందుకు సంతోషం. నువ్వడిగినదాన్ని ఆవేశం అంటారు.

ఇంత తొందరగా చెప్పగలిగానంటే కారణం ఉంది. మా నిఘంటువు ఇప్పుడు 'ఆ' అక్షరం దగ్గరుంది. మాటలు పంచినప్పుడు నాకు ఆవేశం వచ్చింది. అంటే నా బల్ల మీదకు వచ్చింది. మా సంపాదకుడు పెద్దాయన దాన్ని నా చేతికిస్తూ, "దీనికి ఏ ఆవేశమూ లేని మనిషి కావాలయ్యా" అన్నారు. పొగడ్తగానే తీసుకున్నాను. 'ఆలస్యం' చూస్తున్న మా సహోద్యోగిని మాత్రం ఇంకా ఏమీ ఇవ్వలేదు.

ఇప్పటికి మూడు అర్థాలు తేలాయి. ఒకటి, లోపలికి ప్రవేశించడం. ఆ మాట పుట్టింది అక్కడే. ఇంకొకటి, మనిషిని ఏదో ఆవహించడం. మూడోది మనందరికీ తెలిసినది. కోపం కానీ ఉత్సాహం కానీ ఒక్కసారిగా పైకి లేచి, మనిషి విచక్షణ కోల్పోయే స్థితి. ఈ మూడోదానికి నోటిమాటలోంచి ఉదాహరణలు కావాలి. పుస్తకాల్లోంచి ఎత్తి తెస్తే పెద్దాయన ఒప్పుకోరు. కాబట్టి అమ్మ ఏ సందర్భంలో ఏమన్నదో మాటకు మాట రాసి పంపు.

ఇక ఏం చెయ్యాలన్నదానికి నా సలహా ఇది. ఆవేశం పాలపొంగు లాంటిది. మంట తగ్గిస్తే దానంతటదే అణుగుతుంది. కుర్చీని వీధి వైపుకు మార్చు. చేతికి ఊలూ అల్లిక సూదులూ ఇవ్వు.

తమ్ముడు

*

వెనక బాల్కనీ

తమ్ముడూ,

ఊలు తెచ్చాను. ఎరుపూ తెలుపూ కావాలంది. అవి ఆ అమ్మాయిల చొక్కాల రంగులని ఇంటికొచ్చాక గాని నాకు వెలగలేదు. కుర్చీని వీధి వైపు మార్చాను. అమ్మ దాని జోలికే పోకుండా దుకాణంలోని మడతకుర్చీ చంకన పెట్టుకుని, మెట్లు దిగి, ఆటస్థలం కంచె పక్కన వేసుకుంది. ఇప్పుడక్కడ అది అమ్మ చోటు. కోచ్‌గారు కూడా ఆ పక్కకు పోరు.

నీ ఉదాహరణలు ఇవిగో. జట్టు నాయకురాలు పొట్టిగా ఉంటుంది, బంతి దొరికితే ఎవరికీ ఇవ్వదు. ఆ పిల్లతో: "ఒసేయ్ పొట్టిదానా, అదేమైనా నువ్వు కన్న బిడ్డా, వదలవేం?" గోలు ముందు నిలబడే పొడుగాటి పిల్లకు అమ్మ పెట్టిన పేరు గోడ. ఆ పిల్లతో: "గోడంటే నిలబడాలి గానీ పక్కకు తప్పుకుంటుందటే!" రిఫరీతో మాత్రం మర్యాదగానే మాట్లాడింది. "బాబూ, మా అల్లుడి దుకాణం ఇక్కడే. ఓసారి చూపించుకో నాయనా" అంది. అతను నిజంగానే వచ్చాడు. దూరపు చూపు బాగానే తేడాగా ఉందట. మీ బావ అద్దాలు ఇచ్చి, అత్తగారి తరఫున తగ్గింపు కూడా ఇచ్చారు.

ఇంతవరకూ నవ్వుకోవడానికి. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు.

నిన్న పొట్టిది గోలు కొట్టింది. అమ్మ కేక వేస్తూ లేచింది. లేచినంత వేగంగానూ కూలబడింది. చెయ్యి గుండె మీద ఉంది, మొహం పాలిపోయింది. అమ్మాయిలందరూ పరిగెత్తుకొచ్చారు. అందరూ నర్సు చదువే కాబట్టి అందరూ నాడి చూశారు, ఏ ఇద్దరికీ లెక్క కలవలేదు. వాళ్లే ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె నీరసపడింది, మందులతో నెట్టుకురావచ్చు, "కానీ ఆవేశం పనికిరాదు" అన్నాడు. సరిగ్గా నీ మాటే.

అమ్మ అడిగింది: "ఎంతవరకు పనికిరాదు బాబూ? మ్యాచీలకా, ప్రాక్టీసుకు కూడానా?"

అక్క

*

మా ఇల్లు

అక్కకు,

అమ్మను వెంటనే ఇక్కడికి పంపించు.

మా వీధి నీకు తెలుసు. ఒక పక్క గోదాము, ఇంకో పక్క గ్రంథాలయం. ఒక కుక్క ఉంది, మొరగదు. పై వాటా ఖాళీ. నేను ఆఫీసుకు వెళ్లినప్పుడు ఎదురింటావిడ వచ్చి కూర్చుంటానన్నది, ఆమెకు మాట్లాడే అలవాటు లేదు. ఇంతకంటే ప్రశాంతమైన చోటు నాకు తెలిసి లేదు.

నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఉత్తరంలో సగం దూరం నవ్వించాక గాని అసలు సంగతి రాయలేదు. అంటే నీకూ ఆ ఆట ముచ్చటగానే ఉందన్నమాట. ఉండనీ. కానీ డాక్టరు చెప్పింది తేటతెల్లంగా చెప్పాడు, దానికి వేరే అర్థాలేమీ లేవు.

నాన్న పోయినప్పుడు నా కంట చుక్క నీరు రాలేదని బంధువులంతా అనుకున్నారు. రాని మాట నిజమే. అమ్మ విషయంలో నాకు ఆ పరీక్ష అప్పుడే వద్దు.

తమ్ముడు

*

కళ్లద్దాల దుకాణం

తమ్ముడికి,

రేపటి బస్సుకు అమ్మను పంపుతున్నాను. మీ బావ తోడు వస్తారు. మందుల చీటీ సంచి పై అరలో ఉంది. అమ్మ పొద్దున ముందు టీ తాగుతుంది, తర్వాతే మాట్లాడుతుంది.

నేను వాదించలేదు. అమ్మా వాదించలేదు. వాదిస్తుందేమోనని రెండు మూడుసార్లు గదిలోకి వెళ్లి నిలబడ్డాను కూడా. చీరలు మడత పెట్టుకుంటూ, "వాడు భయపడుతున్నాడు. వెళ్తాలే" అంది. అల్లిక సంచి కట్టమంటావా అంటే వద్దంది.

అక్క

*

మా ఇల్లు

అక్కకు,

అమ్మ బాగుంది. చాలా ప్రశాంతంగా ఉంది.

పొద్దున లేస్తుంది, టీ తాగుతుంది, కిటికీ దగ్గర కూర్చుంటుంది. కిటికీలోంచి గోదాము గోడ కనబడుతుంది. గోడ వైపు చూసి పలకరించినట్టు ఓసారి చిన్నగా నవ్వింది, ఎందుకో నాకు తెలియలేదు. పెట్టింది తింటోంది. రక్తపోటు అదుపులో ఉంది. ఎదురింటావిడా తనూ మధ్యాహ్నమంతా ఎదురెదురుగా కూర్చుంటున్నారు. ఇద్దరి మధ్యా ఏ గొడవా లేదు.

నేను ఆఫీసు నుంచి మాటలు తెచ్చి చదివి వినిపిస్తున్నాను. నిన్న 'ఆవిరి' చదివాను. శ్రద్ధగా వింది.

నీకో మనవి. ఆ జట్టు కబుర్లు ఉత్తరాల్లో రాయకు. గెలిచినా రాయకు, ఓడినా రాయకు. ఉత్తరం అమ్మ కంటపడితే నేను దాచలేను. నా మొహం చూసి అన్నీ చెప్పేస్తుంది.

తమ్ముడు

*

కళ్లద్దాల దుకాణం

తమ్ముడూ,

నువ్వు రాయొద్దన్నది రాయడం లేదు.

ఎరుపూ తెలుపూ చొక్కాల వాళ్లు కొందరు దుకాణానికి వచ్చి, కళ్లలో ఏ దోషమూ లేకపోయినా అద్దాలు పెట్టి చూసుకుని, అమ్మమ్మ ఎప్పుడొస్తుందని అడిగి వెళుతున్నారు. ఇది జట్టు కబురు కాదు, దుకాణం కబురు. వాళ్లలో చాలా పొడుగ్గా ఉండే పిల్ల తలుపు కమ్మీకి తల కొట్టుకుంది. అది కూడా దుకాణం కబురే.

ఇల్లు మూగబోయింది. జడ్జిగారు కిటికీలు తెరిచారు. నిన్న మెట్ల మీద కనబడి, "అమ్మగారు ఊళ్లో లేరా?" అన్నారు. లేరన్నాను. "మరీ ఇంత నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టట్లేదమ్మా" అన్నారు. ఆయనకు కూడా కళ్లు పరీక్ష చేయించాలేమో.

తమ్ముడూ, ఒక మాట. మన చిన్నప్పటి ఇల్లు నీకు గుర్తుందో లేదో, నువ్వు ఆ నిశ్శబ్దంలోనే పుట్టి పెరిగావు. నాన్న రాత్రి డ్యూటీకి పోయి పొద్దున వచ్చి పడుకునేవారు. పగలంతా ఇంట్లో గుసగుసలే. గిన్నెల కింద గుడ్డ వేసి దించేది అమ్మ. నాకు తుమ్మొస్తే ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తేది. నాన్న రిటైరయ్యే వరకూ అంతే. నాన్న ఎప్పుడూ కసురుకోలేదు పాపం, మంచి మనిషే. అలిసిపోయి పడుకునేవారు, అంతే. అమ్మ గొంతు అంత పెద్దదని ఆ బాల్కనీలో కేక విన్నప్పటి వరకూ నాకు తెలియదు. అమ్మకూ తెలియదు. "నేనా?" అంది చూడు.

అమ్మ నిజంగా ఎలా ఉందో రాయి. రక్తపోటు సంగతి కాదు.

అక్క

*

మా ఇల్లు

అక్కా,

నిజం రాయమన్నావు కదా. అమ్మ ఈ మధ్య మంచం దిగడం లేదు.

నొప్పి ఏమీ లేదంటుంది. తిను అంటే తింటుంది, చాలంటే మానేస్తుంది. ఇక్కడ మంచి పేరున్న డాక్టరుకు చూపించాను. అన్నీ పరీక్షించి గుండె పోయినసారి కంటే మెరుగ్గా ఉందన్నాడు, కాగితాలు చూపించి నన్ను అభినందించాడు. "మరి లేవడం లేదేమండీ?" అంటే, "అది గుండెకు సంబంధించింది కాదు" అన్నాడు. మరి దేనికి సంబంధించిందని అడిగితే వేరే డాక్టరు పేరు చెప్పాడు.

నీ ఉత్తరం వచ్చాక ఒకటి గమనించాను. అంతకుముందు ఎందుకు గమనించలేదో తెలియదు. అమ్మ నా ఇంట్లో గుసగుసలాడుతోంది. టీ కావాలన్నా గుసగుసే, దుప్పటి కప్పమన్నా గుసగుసే. గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు కింద వేలు ఆనించి చప్పుడు కాకుండా పెడుతోంది. నేను కూడా గుసగుసగానే జవాబు చెబుతున్నానని అప్పుడు తెలిసింది. నిన్న గొంతు పెంచి అడిగాను.

"ఎందుకమ్మా అంత మెల్లగా మాట్లాడతావు? ఇక్కడెవరున్నారు?"

అమ్మ గది నలుమూలలా చూసి, "ఏమోరా. మీ ఇంట్లో ఎవరో పడుకున్నట్టుంటుంది" అంది.

నేను వంటింట్లోకి వెళ్లి కొంతసేపు నిలబడ్డాను. ఎదురింటావిడ వచ్చి, ఏమైనా కావాలా అని అడిగింది. ఆమె గొంతు నేను వినడం అదే మొదలు.

ఆ జట్టు ఆట ఏదైనా దగ్గర్లో ఉందా? ఉంటే రాయి. డాక్టరు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. అయినా రాయి.

తమ్ముడు

*

దుకాణం, తొందరలో

తమ్ముడూ,

ఈ ఆదివారం ఫైనల్. మీ బావ కంచె దగ్గర కుర్చీ కాపలా కాస్తున్నారు. బయలుదేరండి.

అక్క

*

నిఘంటువు కార్యాలయం

అక్కా,

క్షేమంగా చేరాను. మోకాలి గాయం ఆరుతోంది. గొంతు పూర్తిగా పోయింది. ఆఫీసులో అందరూ నాతో చీటీల మీద రాసి మాట్లాడుతున్నారు. గొంతు పోయింది నాకు గానీ వాళ్లకు కాదని ఎవరికీ తోచినట్టు లేదు.

ఒక సహాయం చెయ్యి. ఆదివారం మ్యాచీలో చివరి భాగం నాకు గుర్తులేదు. మనవాళ్లు ఒక గోలు వెనకబడి ఉండటం గుర్తుంది. అమ్మ దుప్పటి కప్పుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం గుర్తుంది. నా గొడుగు మడిచి పట్టుకోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, నేను మైదానం మధ్యలో ఉన్నాను, గొడుగు లేదు. మధ్యలో ఏం జరిగిందో మాటకు మాట రాయి. పెద్దాయన అడుగుతున్నారు.

నన్ను బస్సు ఎక్కించాక అమ్మ ఎలా ఉంది?

తమ్ముడు

*

వెనక బాల్కనీ

తమ్ముడూ,

గుర్తులేదంటున్నావు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే ఇవి ఇంటి ఆడపడుచు నోటితో చెప్పాల్సిన మాటలు కావు.

అమ్మ అరవకపోవడం చూసి ముందు అమ్మాయిలే డీలాపడ్డారు. గోడ బంతిని వదిలి మాటిమాటికీ అమ్మ వైపు చూసింది. ఆ గోలు అలా చూస్తున్నప్పుడు పడిందే. ఆట అయిపోవస్తుండగా పొట్టిది తన వైపు వచ్చిన బంతి అందుకుని నెట్లో వేసింది. రిఫరీ ఈల వేసి, గోలు చెల్లదన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెదవి కదిలింది గానీ మాట రాలేదు.

అప్పుడు నువ్వు లేచావు. గొడుగు మీ బావ ఒళ్లో పడేసి కంచె ఎక్కావు. దిగడం మాత్రం సరిగా దిగలేదు, మోకాలి సంగతి అదీ. మైదానం మధ్యకు పరిగెత్తి రిఫరీ ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి, "అన్యాయం! అక్రమం! అధర్మం! అంధత్వం! అజ్ఞానం!" అన్నావు. మీ బావ నా చెవిలో, "అన్నీ 'అ' మాటలేనే, పోయినేడాది పూర్తి చేసిన సంపుటం" అన్నారు. రిఫరీ పాపం కొత్త అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. జేబులోంచి ఎర్ర కార్డు తీశాడు, ఆడని మనిషికి చూపించవచ్చో లేదో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి నీకే చూపించాడు. నువ్వది తీసుకుని జేబులో పెట్టుకున్నావు. అతను తిరిగి అడిగినా ఇవ్వలేదు.

అంతలో నా పక్క కుర్చీ చప్పుడైంది. అమ్మ దుప్పటి తోసేసి, కంచె పట్టుకుని నిలబడింది. నీ ఇంట్లో మంచం దిగని మనిషి, తమ్ముడూ. ఊపిరి తీసుకుని ఆటస్థలం ఆ చివరి దాకా వినబడేలా అరిచింది:

"ఒరేయ్! అది ఆఫ్‌సైడేరా! బంతి రాకముందే పొట్టిది వాళ్లందర్నీ దాటేసి నుంచుంది. ఆ అబ్బాయి కరెక్టుగానే చెప్పాడు. కార్డు ఇచ్చేసి ఇవతలకి రా!"

ముందు గోడ నవ్వింది. ఆ పిల్ల నవ్వితే జట్టంతా నవ్వింది, అవతలి జట్టు కూడా నవ్వింది. నువ్వు కార్డు ఇచ్చేసి, కుంటుకుంటూ వచ్చి అమ్మ పక్కన నిలబడ్డావు. అప్పుడు నీ కళ్లు తడిగా ఉన్నాయి. దుమ్మేమో. మిగిలిన ఆటంతా అమ్మ నిలబడే చూసింది, నిలబడే తిట్టింది. మనవాళ్లు ఓడిపోయారు. అది నీకు గుర్తుండే ఉంటుంది.

ఇక నువ్వు చివర అడిగినదానికి జవాబు. నిన్ను బస్సు ఎక్కించి ఇంటికొచ్చేసరికి అమ్మకు గుండె పట్టేసినట్టయింది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. కొన్నాళ్లు ఉంచారు. గండం గడిచింది. నిన్ననే ఇంటికి తెచ్చాను. తెచ్చాక రాద్దామని ఆగాను. తిట్టదలిస్తే తిట్టు.

వార్డులో డ్యూటీ గోడదే. మాత్ర మింగేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు. "గోడంటే ఇలా నిలబడాలి. ఆ రోజు ఏమైందే నీకు?" అంది అమ్మ, ముక్కుకు గొట్టంతోనే.

డాక్టరు కోప్పడ్డాడు. "ముందే చెప్పాను కదమ్మా, ఆవేశం పనికిరాదని" అన్నాడు.

"చెప్పారు బాబూ. విన్నాను కూడాను. మా అబ్బాయింటికి వెళ్లి ఉన్నాను. అక్కడున్నన్నాళ్లూ నొప్పి రాలేదు. ఏదీ రాలేదు" అంది అమ్మ.

డాక్టరు చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుని, కిటికీలోంచి బయటకు చూశాడు. చివరకు, "చూడండి. కానీ అరవకండి" అన్నాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. అమ్మను పంపించెయ్యమంటావా? ఈసారి నేను వాదిస్తాను. అయినా నువ్వు ఏమనుకుంటున్నావో ముందు రాయి.

అక్క

*

నిఘంటువు కార్యాలయం

అక్కా,

ముందు తిట్టు. అమ్మ ఆస్పత్రిలో ఉంటే నాకు చెప్పకపోవడం తప్పు. నేను చచ్చేవాడినా? భయపడేవాణ్ని, అంతే. నా వాటా భయం నాకు రావలసింది. ఇక మీదట రాకుండా చెయ్యకు.

తిట్టు అయిపోయింది.

ఆవేశానికి అర్థాలు రాసిన చీటీ నిన్న పెద్దాయనకు ఇచ్చాను. మూడో అర్థంలో 'విచక్షణ కోల్పోయే' అన్న ముక్క కొట్టేశాను. ఆయన ఎర్ర పెన్సిలుతో మళ్లీ రాశారు. నేను మళ్లీ కొట్టేశాను.

"ఆవేశంలో మనిషికి కళ్లు మూసుకుపోతాయయ్యా. అందరూ అనేదేగా!" అన్నారు.

"కొందరికి మూసుకుపోతాయండీ. నాకు మూసుకుపోయాయి. కానీ మా అమ్మ లేవలేని మనిషి లేచి, ఒళ్లంతా ఊగిపోతూ అరుస్తూ కూడా, ఆఫ్‌సైడును ఆఫ్‌సైడే అంది. అదీ మా జట్టు మీద! ఆమెకు అప్పుడే కళ్లు తెరుచుకున్నాయి. ఆ స్థితికి ఇంకో మాట మీ దగ్గరుంటే ఇవ్వండి, లేకపోతే ఆ ముక్క రాయకండి!" అన్నాను.

అనేశాక చూస్తే, 'ఆలస్యం' ఆవిడ కాఫీ చేతిలో పట్టుకుని లేచి నిలబడి ఉంది. గొంతు వచ్చేసిందని అప్పుడు తెలిసింది. పెద్దాయన చీటీ ముద్రణకు పంపించారు. ఆ ముక్క లేదు. సంతోషంగా ఒప్పుకున్నారో, నన్ను చూసి భయపడ్డారో చెప్పలేను.

అమ్మను నేను తీసుకురాను. నాకు ఇప్పటికీ భయమే. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ విప్పే ముందు మంచినీళ్లు తాగుతున్నాను. అయినా, భయం నాది. దాన్ని తగ్గించుకోవడానికి అమ్మను గోడ ముందు కూర్చోబెట్టి, బాగుంది బాగుంది అని నీకు రాశాను. అమ్మ ఉన్నన్నాళ్లు తనలాగే ఉండనీ. ఏదైనా జరిగితే నిన్ను ఒక్క మాట అనను. ఈ ఉత్తరం దాచిపెట్టుకో, ఎప్పుడైనా అన్నానంటే దీన్ని నా మొహాన కొట్టు.

డాక్టరు అరవొద్దన్నాడు కదా, ఆ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. చెప్పడం నీ పని.

తమ్ముడు

*

ఆటస్థలం కంచె దగ్గర, ఒళ్లో అట్ట పెట్టుకుని

తమ్ముడూ,

చెప్పాను. గట్టిగానే చెప్పాను. అమ్మ చేత ఒప్పించాను కూడా.

ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఇవాళ కిందికి తీసుకొచ్చాను. మడతకుర్చీ వేశాను, మాత్రలూ మంచినీళ్లూ పక్కన పెట్టుకున్నాను. ఆట మొదలైంది. అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని చూసింది. కళ్లు మాత్రం బంతితో పాటు అటూ ఇటూ తిరిగాయి. పొట్టిది బంతి పట్టుకుని వదలకపోతే అమ్మ భుజాలు వణికాయి, కానీ మాట బయటకు రాలేదు. నాకు మాటిచ్చింది కదా.

కాసేపటికి ఆట దానంతటదే నీరుగారిపోయింది. కోచ్‌గారు ఈల వేసినా అమ్మాయిలు కదల్లేదు. చివరికి పొట్టిది బంతిని చంకలో పెట్టుకుని మా దగ్గరకొచ్చింది. వెనకాలే జట్టంతా వచ్చింది.

"తిట్టవేంటి అమ్మమ్మా?" అంది.

అమ్మ నోటి మీద చేతులు తియ్యకుండానే తల అడ్డంగా ఊపింది.

"నువ్వు తిట్టకపోతే మేం బాగా ఆడుతున్నామో, చెత్తగా ఆడుతున్నామో తెలియట్లేదు. మెల్లగానైనా తిట్టు" అంది. గోడ మాత్రం కంచె మీంచి చెయ్యి చాపి అమ్మ నాడి పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసి, బాగానే ఉందన్నట్టు కళ్లతో చెప్పింది.

అందరూ మళ్లీ మైదానంలోకి వెళ్లారు. బంతి పొట్టిదాని కాలికే దొరికింది. ఎడం పక్కంతా ఖాళీగా ఉంది. నాకే కనబడుతోంది, ఇక అమ్మకు కనబడదా?

అమ్మ చేతులు నోటి మీంచి ఒడిలోకి దించి, నా వైపు చూసింది.

నేను చెప్పులో రాయి పడినట్టు కిందికి వంగాను. ఇంకా వంగే ఉన్నాను.

అక్క